లైనక్స్ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ మాటిమాటికీ తెగిపోతుంటే

బ్లూటూత్ అసలే పనిచేయకపోతే పని సులువు. ఏదో ఒకటి లోపించింది, అదేమిటో వెతుక్కుంటే సరి. తంటా అంతా పనిచేస్తూ చేస్తూ మొరాయించే బ్లూటూత్‌తోనే. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం మూత వేసి తీస్తే మౌస్ కదలదు. పాట సగంలో ఇయర్‌బడ్స్ మూగబోతాయి. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. ఇలాంటప్పుడు నెట్‌లో దొరికిన పది చిట్కాలూ ఒకేసారి ప్రయోగిస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. వచ్చే అప్‌డేట్‌కి మళ్లీ చెడితే కథ మొదటికొస్తుంది. ముందు ఎక్కడ తెగుతోందో పట్టుకోవాలి, ఆ తర్వాతే దేన్నైనా మార్చాలి.

ఇక్కడి వివరాలు ఉబుంటు, డెబియన్ వాడేవాళ్ల కోసం. మింట్‌కీ ఇవే వర్తిస్తాయి. ఫెడోరా, ఆర్చ్ లాంటివాటిలో ప్యాకేజీల పేర్లు, ఇన్‌స్టాల్ చేసే కమాండ్ వేరు, మిగతాది దాదాపు ఒకటే. కమాండ్లను పలికినట్టే తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. సీటీఎల్, యూఎస్‌బీ అని విడి అక్షరాలుగా పలికేవాటిని ఆ అక్షరాలతోనే కొట్టాలి. ఖాళీ ఉన్నచోట ఖాళీ, గీత ఉన్నచోట గీత తప్పనిసరి. ముందు "సుడో" ఉన్న కమాండ్ అడ్మిన్ అధికారంతో నడుస్తుంది.

మొదట ఒక్క ప్రశ్న

సమస్య వచ్చిన ఆ నిమిషంలోనే, రీస్టార్ట్ జోలికి పోకముందే, టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

బ్లూటూత్‌సీటీఎల్ షో

"నో డిఫాల్ట్ కంట్రోలర్ అవైలబుల్" అని వస్తే ల్యాప్‌టాప్‌లోని బ్లూటూత్ చిప్పే సిస్టమ్‌కి కనిపించడం లేదు. ఇయర్‌బడ్స్‌ని ఎన్నిసార్లు పెయిర్ చేసినా లాభం లేదు, తప్పు వాటిది కాదు. అలా కాకుండా కంట్రోలర్ అడ్రస్, దాని కింద "పవర్డ్: ఎస్" అని కనిపిస్తే చిప్ బతికే ఉంది, తెగింది అవతలి పరికరంతో ఉన్న లింకు మాత్రమే. మొదటి రకానికి కారణాలు యూఎస్‌బీ, ఫర్మ్‌వేర్ (చిప్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్), కరెంటు పొదుపుల్లో ఉంటాయి. రెండో రకానికి కారణాలు గాలిలోని రద్దీలో, పెయిరింగ్ కీలలో, ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఈ రెండు దారులూ దాదాపు ఎక్కడా కలవవు. చాలామంది గంటలు పోగొట్టుకునేది ఒక దారిలోని జబ్బుకి రెండో దారిలోని మందు వాడడం వల్లే.

"పవర్డ్: నో" అని వస్తే అది చిన్న సంగతి. ఇది చూడండి:

ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్

బ్లూటూత్ వరసలో "సాఫ్ట్ బ్లాక్డ్: ఎస్" అని ఉంటే "ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ బ్లూటూత్" కొడితే తెరుచుకుంటుంది. "హార్డ్ బ్లాక్డ్: ఎస్" అని ఉంటే మాత్రం ఏ కమాండూ పనిచేయదు. పక్కన ఉన్న స్విచ్చో, ఎఫ్‌ఎన్ కీతో కలిపి నొక్కే విమానం గుర్తు కీయో, బయోస్‌లోని సెట్టింగో దాన్ని ఆపి ఉంటుంది. ప్రతిసారీ బూట్ అయ్యాక బ్లూటూత్‌ని చేత్తో ఆన్ చేయాల్సి వస్తుంటే /ఈటీసీ/బ్లూటూత్/మెయిన్.కాన్ఫ్ ఫైల్లో "ఆటోఎనేబుల్" వరస వెతికి, ముందున్న # గుర్తు తీసేసి, విలువ "ట్రూ" అని పెట్టండి. బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ ప్రోగ్రామ్ వాడుతుంటే, బూట్ సమయంలో ఏయే పరికరాలను ఆపాలో చెప్పే వరస దాని సెట్టింగుల్లో ఒకటుంటుంది. అక్కడ బ్లూటూత్ పేరు ఉందేమో కూడా చూడండి.

చిప్ మాయమైనప్పుడు

చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ ఒకే చిన్న కార్డు మీద ఉంటాయి. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు ఉండే ఎం.2 కార్డు అది. కార్డు ఒకటే అయినా దారులు రెండు. వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీదుగా నడుస్తుంది, బ్లూటూత్ సాధారణంగా లోపలి యూఎస్‌బీ లైను మీదుగా నడుస్తుంది. అందుకే వైఫై భేషుగ్గా పనిచేస్తుండగానే బ్లూటూత్ మాయం కావచ్చు. "వైఫై వస్తోంది కదా, కార్డు బాగానే ఉన్నట్టే" అనుకోవడానికి లేదు.

ఎల్‌ఎస్‌యూఎస్‌బీ

అని కొడితే యూఎస్‌బీ పరికరాల జాబితా వస్తుంది. ఇంటెల్ చిప్పులు 8087తో మొదలవుతాయి. ఏఎక్స్200 అయితే 8087:0029, ఏఎక్స్210 అయితే 8087:0032. రియల్‌టెక్ 0బీడీఏ, మీడియాటెక్ 0ఈ8డీ. కార్డు తయారుచేసిన కంపెనీ నంబరు పడితే 13డీ3, 04సీఏ, 0489 లాంటివీ కనిపిస్తాయి. బ్లూటూత్ బాగున్నప్పుడు ఒకసారి ఈ జాబితా చూసి, మీ చిప్ నంబరు రాసి పెట్టుకోండి. మొరాయించినప్పుడు మళ్లీ చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

జాబితాలో ఆ నంబరే లేకపోతే చిప్ యూఎస్‌బీ లైను మీదే లేదు. దీనికి మొదటి వైద్యం పూర్తిగా కరెంటు తీసేయడం. ల్యాప్‌టాప్‌ని రీస్టార్ట్ కాదు, షట్‌డౌన్ చేయాలి. ఛార్జర్ పీకేయాలి. పవర్ బటన్‌ని 30 సెకన్లు అదిమి పట్టుకోవాలి. తర్వాతే ఆన్ చేయాలి. రీస్టార్ట్ ఎందుకు చాలదంటే, ఈ చిప్పులకు కావలసిన ఫర్మ్‌వేర్ వాటి లోపల శాశ్వతంగా ఉండదు, ప్రతిసారీ సిస్టమే దాన్ని చిప్ మెమరీలోకి ఎక్కిస్తుంది. రీస్టార్ట్‌లో కార్డుకి కరెంటు ఆగదు కాబట్టి, లోపల చిక్కుకుపోయిన ఫర్మ్‌వేర్ అలాగే చిక్కుకుని ఉంటుంది. పక్కనే విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇది మరీ ఎక్కువ. అక్కడ "ఫాస్ట్ స్టార్టప్" ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ అసలు షట్‌డౌనే కాదు, సగం నిద్ర. దాన్ని విండోస్ పవర్ సెట్టింగుల్లో ఆపేయడం మేలు.

నంబరు కనిపిస్తున్నా కంట్రోలర్ లేదంటుంటే, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఏమంటోందో వినాలి:

సుడో డీఎంఈఎస్‌జీ | గ్రెప్ -ఐ బ్లూటూత్

ఇక్కడ వరసల చివర మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది. జాతకం అంతా దానిలోనే. -2 అంటే ఫైల్ దొరకలేదు, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేదని అర్థం. -110 అంటే చిప్‌ని అడిగితే గడువులోగా జవాబు రాలేదు. ఇంటెల్ కార్డుల్లో "0ఎక్స్‌ఎఫ్‌సీ05 టీఎక్స్ టైమౌట్" అనే మాటతో కలిసి వచ్చేది ఇదే, పైన చెప్పిన 30 సెకన్ల వైద్యం దీనికి బాగా పనిచేస్తుంది. -71 అంటే యూఎస్‌బీ సంకేతాలే తప్పుతున్నాయి. మళ్లీ మళ్లీ -71 వస్తుంటే సాఫ్ట్‌వేర్ వదిలేసి స్క్రూడ్రైవర్ తీయండి. కార్డు స్లాట్‌లో వదులుగా ఉండొచ్చు. బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాక కార్డుని ఒకసారి బయటికి తీసి, అంచులు మెత్తని పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ గట్టిగా బిగించి చూడాలి.

ఫర్మ్‌వేర్ లేకపోతే ఉబుంటులో ఒక్క కమాండ్:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ లైనక్స్-ఫర్మ్‌వేర్

డెబియన్‌లో ఇంటెల్‌కి "ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై", రియల్‌టెక్‌కి "ఫర్మ్‌వేర్-రియల్‌టెక్". పేరులో వైఫై ఉన్నా ఇంటెల్ బ్లూటూత్ ఫైళ్లు ఉండేది అందులోనే. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వీటికోసం "నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్" అనే ప్రత్యేక విభాగం ఉంది. పాత డెబియన్ నుంచి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినవాళ్ల సోర్సెస్ ఫైల్లో (ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో చెప్పేది) అది చాలాసార్లు ఉండదు. అది లేకపోతే ఈ ప్యాకేజీలకు కొత్త అప్‌డేట్లు రావు.

అసలు దొంగ: కరెంటు పొదుపు

కాసేపు బాగుండి, కాసేపు వాడకపోతే మాయమయ్యే బ్లూటూత్‌కి ముందుగా అనుమానించాల్సింది యూఎస్‌బీ ఆటోసస్పెండ్‌ని. బ్యాటరీ ఆదా కోసం కెర్నల్ పనిలేని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చుతుంది. కదిలిస్తే లేవాలి. కొన్ని చిప్పులు లేవవు, కొన్ని లేచేసరికి ఆలస్యం చేస్తాయి. మౌస్ వదిలేసి చదువుకుంటూ కూర్చుని మళ్లీ పట్టుకుంటే మొదటి సెకను కదలకపోవడం ఇందువల్ల కావచ్చు. బీటీయూఎస్‌బీ అనే డ్రైవర్‌కి ఈ అలవాటు ఉందో లేదో ఇలా తెలుస్తుంది:

క్యాట్ /సిస్/మాడ్యూల్/బీటీయూఎస్‌బీ/పారామీటర్స్/ఎనేబుల్_ఆటోసస్పెండ్

ఈ దారిలో "సిస్" అంటే ఎస్, వై, ఎస్. "ఎనేబుల్"కీ "ఆటోసస్పెండ్"కీ మధ్య ఉన్నది కింద గీత, మామూలు గీత కాదు. జవాబు వై అని వస్తే నిద్రపుచ్చుతోందని. ఆపాలంటే /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ/ ఫోల్డర్లో బీటీయూఎస్‌బీ.కాన్ఫ్ పేరుతో కొత్త ఫైల్ తెరిచి ఈ ఒక్క వరస రాయండి:

ఆప్షన్స్ బీటీయూఎస్‌బీ ఎనేబుల్_ఆటోసస్పెండ్=0

సేవ్ చేసి "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ" కొట్టి రీస్టార్ట్ చేయండి. తర్వాత పై ఫైల్ మళ్లీ చూస్తే ఎన్ అని ఉండాలి. ఫైల్ రాసేసి ఇక అయిపోయిందనుకుని ఈ చివరి తనిఖీ వదిలేసేవాళ్లే ఎక్కువ. ఒక్క అక్షరం తప్పుపడినా కెర్నల్ ఫిర్యాదు చేసేది లాగ్‌లో ఏదో మూల మాత్రమే. బ్యాటరీ మీద దీని భారం తక్కువే, భయపడక్కర్లేదు.

ఇంత చేసినా వై దగ్గరే ఉన్నట్టు ప్రవర్తిస్తుంటే వేరే ప్రోగ్రామ్ ఏదైనా దాన్ని మళ్లీ నిద్రపుచ్చుతోందేమో చూడండి. టీఎల్‌పీ ఉంటే /ఈటీసీ/టీఎల్‌పీ.కాన్ఫ్‌లో "యూఎస్‌బీ_ఎక్స్‌క్లూడ్_బీటీయూఎస్‌బీ" వరస ముందున్న # తీసి విలువ 1 పెట్టాలి. కరెంటు ఖర్చు చూపించే పవర్‌టాప్ ప్రోగ్రామ్‌ని "ఆటో-ట్యూన్" తో బూట్‌లోనే నడుపుతుంటే అది యూఎస్‌బీ పరికరాలన్నిటికీ పొదుపు ఆన్ చేసేస్తుంది. ఈ రెండూ ఒకే ల్యాప్‌టాప్ మీద పెట్టుకుని బ్లూటూత్ గురించి వాపోవడంలో అర్థం లేదు, ఏదో ఒకటి తీసేయండి.

మూత వేసి తీశాక మాత్రమే చచ్చిపోతుంటే అది సస్పెండ్ సంగతి, ఆటోసస్పెండ్‌కి వేరు. ముందు చేత్తో డ్రైవర్‌ని దింపి ఎక్కించి చూడాలి:

సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ బీటీయూఎస్‌బీ
సుడో మోడ్‌ప్రోబ్ బీటీయూఎస్‌బీ

దీంతో లేస్తే, ప్రతి నిద్రకీ ఇదే పని సిస్టమ్ తనంతట తానే చేసేలా పెట్టొచ్చు. /యూఎస్‌ఆర్/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్-స్లీప్/ ఫోల్డర్లో ఒక చిన్న ఫైల్ రాసి, దానికి "సీహెచ్‌మాడ్ +ఎక్స్" తో నడిచే అనుమతి ఇవ్వండి:

#!/బిన్/ఎస్‌హెచ్
[ "$1" = ప్రీ ] && మోడ్‌ప్రోబ్ -ఆర్ బీటీయూఎస్‌బీ
[ "$1" = పోస్ట్ ] && మోడ్‌ప్రోబ్ బీటీయూఎస్‌బీ
ఎగ్జిట్ 0

నిద్రకి ముందు సిస్టమ్ "ప్రీ" అని, లేచాక "పోస్ట్" అని ఈ ఫైల్‌ని పిలుస్తుంది. ఇది మొరటు వైద్యమే. అసలు తప్పు కెర్నల్‌దో, బయోస్‌దో అయి ఉంటుంది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా ఈ ఫైల్ పక్కన పెట్టి ఒకసారి పరీక్షించండి. చేత్తో దింపి ఎక్కించినా లేవకపోతే ఈ ఫైల్ వల్లా లేవదు, రాయడం దండగ.

చిప్ ఉంది, లింకు తెగుతోంది

ఇప్పుడు రెండో దారి. ఇక్కడ ఊహాగానాలు అక్కర్లేదు. బ్లూటూత్ నియమావళి ప్రకారం లింకు తెగిన ప్రతిసారీ ఎందుకు తెగిందో ఒక కోడ్ వస్తుంది. దాన్ని చూపించే పనిముట్టు, లైనక్స్‌లో బ్లూటూత్‌ని నడిపే బ్లూజెడ్ సాఫ్ట్‌వేర్‌తో పాటే మీ ల్యాప్‌టాప్‌లో ఉంది. పేరు బీటీమాన్, కొట్టేటప్పుడు చివర ఎం, ఓ, ఎన్.

సుడో బీటీమాన్

ఆ కిటికీని అలా వదిలేసి పాటలు వినండి, మౌస్ వాడండి. తెగిన వెంటనే అక్కడికి వచ్చి "డిస్‌కనెక్ట్ కంప్లీట్" అనే వరస వెతకండి. దాని కింద "రీజన్" అని ఉంటుంది.

0ఎక్స్08, "కనెక్షన్ టైమౌట్" అంటే అవతలి నుంచి గడువులోగా ఏ కబురూ రాలేదు. మామూలు (క్లాసిక్) బ్లూటూత్‌కి ఆ గడువు డిఫాల్ట్‌గా 20 సెకన్లు. పాట ఆగిన కాసేపటికి గానీ "డిస్‌కనెక్టెడ్" అని చూపించకపోవడానికి కారణం అదే. ఇది గాలి సమస్య. దూరం, అడ్డు, రద్దీ, యాంటెన్నా, లేదా అవతలి పరికరం బ్యాటరీ హఠాత్తుగా చచ్చిపోవడం.

0ఎక్స్13, "రిమోట్ యూజర్ టెర్మినేటెడ్" అంటే అవతలిదే మర్యాదగా సెలవు తీసుకుంది. ల్యాప్‌టాప్ తప్పేమీ లేదు. ఇయర్‌బడ్స్ తమంతట తాము ఆగిపోయాయి, లేదా పక్కనే ఉన్న ఫోన్ వాటిని లాక్కుంది. రెండిటికి ఒకేసారి కలిసే ఇయర్‌బడ్స్‌తో ఇది నిత్యం జరిగేదే. ఫోన్‌లో బ్లూటూత్ ఆపి ఒక గంట వాడి చూస్తే తేలిపోతుంది. లైనక్స్ సెట్టింగులన్నీ తిరగేసేముందు ఈ గంట ఖర్చు పెట్టండి. 0ఎక్స్15 అయితే అవతలిది ఆఫ్ అయిపోతూ చెప్పి వెళ్లిందని.

0ఎక్స్16 అంటే ల్యాప్‌టాపే తెంపింది. నిద్రలోకి వెళ్తూనో, డెస్క్‌టాప్‌లోని ఏదో ప్రోగ్రామ్ అడిగితేనో. "జర్నల్‌సీటీఎల్ -యూ బ్లూటూత్ -బీ" కొట్టి అదే సమయానికి ఏం రాసి ఉందో చూడాలి. 0ఎక్స్05, 0ఎక్స్06 రెండూ కీల గొడవ, దాని గురించి కింద వివరంగా ఉంది. కలిపేటప్పుడే 0ఎక్స్04, "పేజ్ టైమౌట్" వస్తే పిలిస్తే పలకలేదని. పరికరం ఆఫ్‌లో ఉంది, లేదా అప్పటికే వేరేదానికి కలిసి ఉంది.

0ఎక్స్08 వస్తే

బ్లూటూత్ 2402 నుంచి 2480 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఉండేదీ అక్కడే. మామూలు బ్లూటూత్ ఆ మేరలో 79 ఛానళ్ల మీద సెకనుకి 1600 సార్లు గెంతుతూ, రద్దీగా ఉన్న ఛానళ్లను వదిలేసి ఖాళీగా ఉన్నవాటిని వాడుకుంటుంది. ఒక వైఫై ఛానల్ సుమారు 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తుంది. 1, 6, 11 మూడూ నిండిపోయిన అపార్ట్‌మెంట్లో, హాస్టల్ గదుల్లో బ్లూటూత్‌కి గెంతడానికి చోటు మిగలదు. పైగా మీ ల్యాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉండి వంతులవారీగా మాట్లాడుకుంటాయి. పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టగానే పాట తెగడం ఇందుకే. ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. రౌటర్ రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఇస్తుంటే పేర్లు వేరు చేసి, 2.4 దాన్ని ల్యాప్‌టాప్‌లో మరిచిపోయేలా చేయండి. ఈ వ్యాసంలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

వైఫై, బ్లూటూత్ వంతులను ఆపేసే "బీటీ_కోఎక్స్_యాక్టివ్=0" అనే ఇంటెల్ సెట్టింగు సలహా తరచూ కనిపిస్తుంది. అది వైఫై వేగం కోసం ఇచ్చే సలహా. బ్లూటూత్ తెగుతోందని దాన్ని పెడితే రెండూ ఒకరిమీద ఒకరు అరుచుకోవడం మొదలవుతుంది. పెట్టి ఉంటే తీసేయండి.

యూఎస్‌బీ 3 పరికరాలు కూడా ఇదే బ్యాండ్‌లో రొద చేస్తాయి. ఇంటెల్ 2012లో దీనిమీదే ఒక పత్రం ప్రచురించింది. 5 గిగాబిట్ల వేగంతో నడిచే సంకేతాల రొద 2.4 గిగాహెర్ట్జ్ మీదికి పాకుతుంది. బయటి హార్డ్ డిస్క్, యూఎస్‌బీ-సీ హబ్ తగిలించినప్పుడే మౌస్ గెంతుతుంటే వాటిని రెండో వైపు పోర్టుకి మార్చండి, మంచి కవచం ఉన్న కేబుల్ వాడండి. పోర్టుకి బయటినుంచి తగిలించే బ్లూటూత్ డాంగిల్ వాడుతుంటే యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని రెండడుగులు దూరం జరపండి. వంటింటి మైక్రోవేవ్ కూడా ఈ బ్యాండ్‌లోదే, కానీ అది నడిచే రెండు నిమిషాలే దాని బాధ.

అడుగు దూరంలో బాగుండి, మూడడుగుల్లో తెగిపోతుంటే యాంటెన్నా. కార్డుకి రెండు సన్నని తీగలు వస్తాయి. చాలా కార్డుల్లో బ్లూటూత్ ఆ రెండిట్లో ఒకదాన్నే వాడుకుంటుంది. అదే ఊడితే వైఫై రెండో తీగతో కుంటుకుంటూ నడుస్తుంది, బ్లూటూత్ మాత్రం చతికిలబడుతుంది. స్క్రీన్ మార్పించాకో, ర్యామ్ వేయించాకో సమస్య మొదలైతే ముందు ఇదే చూడండి. ఆ బటన్ కనెక్టర్లు చాలా సున్నితం, నిటారుగా పెట్టి బొటనవేలితో నొక్కితే టక్కుమని కూర్చోవాలి.

ఇంకో చిన్న సంగతి. డెస్క్‌టాప్ సెట్టింగుల్లో బ్లూటూత్ పేజీ తెరిచి వదిలేస్తే చిప్ కొత్త పరికరాల కోసం వెతుకుతూనే ఉంటుంది, ఆ వెతుకులాట పాటకి ఇవ్వాల్సిన సమయాన్ని తినేస్తుంది. కలపడం కాగానే ఆ కిటికీ మూసేయండి.

కీల గొడవ, విండోస్ పక్కన ఉంటే

పెయిర్ చేసినప్పుడు రెండు పరికరాలూ ఒక రహస్య కీ పంచుకుని దాచుకుంటాయి. 0ఎక్స్05, 0ఎక్స్06 వస్తే ఆ కీలు సరిపోలడం లేదు. శుభ్రంగా మళ్లీ పెయిర్ చేయాలి. రెండువైపులా పాత పెయిరింగ్ తీసేయడం ముఖ్యం. బ్లూటూత్‌సీటీఎల్ లోపలికి వెళ్లి వరసగా: రిమూవ్, స్కాన్ ఆన్, పెయిర్, ట్రస్ట్, కనెక్ట్. మొదటిదానికీ చివరి మూడింటికీ పరికరం అడ్రస్ జోడించాలి. ట్రస్ట్ మరిచిపోతే ఇప్పుడు కలుస్తుంది గానీ, రేపు ఇయర్‌బడ్స్ తమంతట తాము కలవడానికి వస్తే ల్యాప్‌టాప్ తలుపు తీయకపోవచ్చు. ఒకే ఇయర్‌బడ్స్ జాబితాలో రెండుసార్లు కనిపించి, ఏది ఎంచుకున్నా పెయిర్ కాకపోతే "స్కాన్ ఆన్" బదులు "స్కాన్ బీఆర్‌ఈడీఆర్" వాడండి, తక్కువ కరెంటు రకం (బీఎల్‌ఈ) బ్లూటూత్ పక్కకి తప్పుకుంటుంది.

విండోస్, లైనక్స్ రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో మౌస్ ఒకదానిలో కలిస్తే రెండోదానిలో కలవదు. చిప్ ఒకటే కాబట్టి రెండిట్లోనూ బ్లూటూత్ అడ్రస్ ఒకటే. మౌస్‌కి అది ఒకే మనిషి. ఆ అడ్రస్‌కి ఒక్క కీయే గుర్తుపెట్టుకుంటుంది, చివర ఎవరితో పెయిర్ చేశారో వాళ్లదే. పరిష్కారం: ముందు లైనక్స్‌లో పెయిర్ చేయండి, తర్వాత విండోస్‌లో పెయిర్ చేయండి, విండోస్ దాచుకున్న కీని తెచ్చి లైనక్స్‌లో రాయండి.

"సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యూ" అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, విండోస్ పార్టిషన్‌ని మౌంట్ చేసి, విండోస్/సిస్టమ్32/కాన్ఫిగ్ లోని "సిస్టమ్" ఫైల్‌ని మీ హోమ్ ఫోల్డర్‌కి కాపీ చేసుకోండి. అసలు ఫైల్ మీద పని చేయకండి, అది విండోస్ రిజిస్ట్రీ. కాపీని "-ఈ" తో తెరిచి కంట్రోల్‌సెట్001, సర్వీసెస్, బీటీహెచ్‌పోర్ట్, పారామీటర్స్, కీస్ అనే వరసలో, ఫోల్డర్ మార్చే "సీడీ" కమాండ్‌తో లోపలికి వెళ్లాలి. అక్కడ మీ చిప్ అడ్రస్ పేరుతో ఒక ఫోల్డర్, దానిలో ఒక్కో పరికరం అడ్రస్ పేరుతో ఒక్కో విలువ ఉంటాయి. "హెక్స్" అని కొట్టి పక్కన పరికరం అడ్రస్ ఇస్తే 16 జతల అంకెలూ అక్షరాలూ కనిపిస్తాయి. ఖాళీలు తీసేసి, అక్షరాలన్నీ పెద్దవి చేసి, /వార్/లిబ్/బ్లూటూత్/ కింద చిప్ అడ్రస్ ఫోల్డర్లో, దానిలోని పరికరం ఫోల్డర్లో "ఇన్ఫో" ఫైల్లో "లింక్‌కీ" శీర్షిక కింద ఉన్న కీ స్థానంలో రాయండి. ముందు ఆ ఫైల్‌కి నకలు తీసి పెట్టుకోండి. "సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ బ్లూటూత్" కొడితే ఇక రెండు చోట్లా కలుస్తుంది. ఈ పద్ధతి మామూలు బ్లూటూత్‌ది. తక్కువ కరెంటు రకం మౌస్‌లకు ఒక్క కీ చాలదు, నాలుగైదు విలువలు మార్చాలి, పైగా కొన్ని ప్రతి పెయిరింగ్‌కీ తమ అడ్రసే మార్చుకుంటాయి. వాటికి అంత శ్రమ పడేకన్నా కింద రెండు మూడు ఛానళ్ల బటన్ ఉన్న మౌస్ అయితే విండోస్‌కి ఒకటి, లైనక్స్‌కి ఒకటి కేటాయించడం తెలివైన పని.

శబ్దం

"బీఆర్-కనెక్షన్-ప్రొఫైల్-అన్అవైలబుల్" అనే మాటతో ఇయర్‌బడ్స్ కలవకపోతే పెయిరింగ్ తప్పు కాదు, శబ్దాన్ని అందుకునే ప్రోగ్రామ్ అవతల లేదు. ఈరోజుల్లో అది పైప్‌వైర్. దాని బ్లూటూత్ భాగం ఉబుంటు, డెబియన్‌లలో "లిబ్‌ఎస్‌పీఏ-0.2-బ్లూటూత్" అనే విడి ప్యాకేజీ. అది లేకపోతే ఇన్‌స్టాల్ చేసి, లాగవుట్ అయి మళ్లీ రండి. పాత పల్స్ఆడియో సర్వర్‌ని కూడా అలాగే ఉంచుకుంటే రెండూ ఒకే ఇయర్‌బడ్స్ కోసం కొట్టుకుంటాయి.

మీటింగ్ మొదలవగానే శబ్దం డబ్బాలోంచి వస్తున్నట్టు మారితే అది చెడిపోవడం కాదు. పాటల ప్రొఫైల్ స్టీరియో అయినా ఒకవైపే నడుస్తుంది, దానిలో మైక్ లేదు. మైక్ అడగగానే ఫోన్ కాల్ ప్రొఫైల్‌కి మారుతుంది. అది మోనో, 8 లేదా 16 కిలోహెర్ట్జ్. మంచి శబ్దం కావాలంటే మీటింగ్ యాప్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్‌నే ఎంచుకోండి, ఇయర్‌బడ్స్ వినడానికి మాత్రమే ఉంచండి. ఎంచుకున్నా దానంతట అదే మారిపోతుంటే, పైప్‌వైర్‌కి తోడుగా నడిచే వైర్‌ప్లంబర్ 0.5 నుంచి ఇది పనిచేస్తుంది:

డబ్ల్యూపీసీటీఎల్ సెట్టింగ్స్ --సేవ్ బ్లూటూత్.ఆటోస్విచ్-టు-హెడ్‌సెట్-ప్రొఫైల్ ఫాల్స్

కెర్నల్, డాంగిల్, ఫిర్యాదు

నిన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తర్వాతే చెడితే, బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడండి. అక్కడ బాగుంటే తప్పు కొత్త కెర్నల్‌ది, సెట్టింగులతో కుస్తీ ఆపేసి కొన్నాళ్లు పాతదానిలోనే ఉండండి. పాత గేమ్ కంట్రోలర్లు 2023 చివరి నుంచి కలవడం మానేస్తే కారణం వేరు. సీవీఈ-2023-45866 అనే భద్రతా లోపం బయటపడ్డాక, పెయిర్ కాని కీబోర్డులు, కంట్రోలర్లు కలవకుండా బ్లూజెడ్ తలుపు బిగించింది. /ఈటీసీ/బ్లూటూత్/ఇన్‌పుట్.కాన్ఫ్‌లో "క్లాసిక్‌బాండెడ్ఓన్లీ" విలువ "ఫాల్స్" చేస్తే కలుస్తాయి. అలా చేస్తే దగ్గర్లో ఉన్న ఎవరైనా కీబోర్డులా నటించే వీలుంటుంది, ఆట అయ్యాక వెనక్కి పెట్టండి.

లోపలి చిప్ ఎంతకీ కుదరకపోతే డాంగిల్ కొనడం ఓటమేమీ కాదు. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో 0ఏ12:0001 అని చూపించే చౌక డాంగిళ్లలో నకిలీలు విపరీతం. వాటికోసం కెర్నల్‌లో ప్రత్యేకంగా అతుకులు వేయాల్సి వచ్చింది. రియల్‌టెక్ 8761బీయూ చిప్ ఉన్నవి లైనక్స్‌లో బాగా నడుస్తాయి. టీపీ-లింక్ యూబీ500 అలాంటిదే, కెర్నల్ 5.16 నుంచి దానికి మద్దతు ఉంది. డాంగిల్ పెట్టాక బయోస్‌లో లోపలి బ్లూటూత్ ఆపేయండి. ఆ వీలు లేకపోతే బ్లూటూత్‌సీటీఎల్‌లో "లిస్ట్" కొట్టి, డాంగిల్ అడ్రస్‌ని "సెలెక్ట్" చేశాకే పెయిర్ చేయండి. లేదంటే పెయిరింగ్ పాత చిప్ ఖాతాలో పడుతుంది.

బగ్ రిపోర్ట్ పెట్టేటప్పుడు "యూనేమ్ -ఆర్" చూపించే కెర్నల్ వెర్షన్, ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో మీ చిప్ వరస, డీఎంఈఎస్‌జీలోని బ్లూటూత్ వరసలు, తెగిన సమయంలో "సుడో బీటీమాన్ -డబ్ల్యూ" పక్కన ఫైల్ పేరిచ్చి తీసిన రికార్డింగ్ జతచేయండి. ఆ రికార్డింగ్‌లో మీ పరికరాల అడ్రసులతో పాటు పెయిరింగ్ కీలు కూడా పడతాయి. పంపాక ఆ పరికరాన్ని తీసేసి కొత్తగా పెయిర్ చేస్తే పాత కీ చెల్లదు.